చుట్టాలు కాని మాటలు

ఆమె పోయిన సంగతి నాకు స్కూలు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఫొటో కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆదోనిలో మేం పనిచేసిన ప్రైవేటు స్కూల్లో ఆమె ఇంగ్లీషు చెప్పేది, నేను తెలుగు చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఫొటో చూస్తుంటే నాకు ఆమె కూర్చునే తీరే గుర్తొచ్చింది. ఆమె కుర్చీకి వీపు ఆనించేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మేమంతా వెనక్కి వాలి కునికిపాట్లు పడుతుంటే, తను కర్ర మింగినట్టు నిటారుగా కూర్చుని పేపర్లు దిద్దుకునేది. హాస్టల్లో పెరిగిన పిల్ల కదా, అదొక క్రమశిక్షణ అనుకున్నాను కొత్తలో.

సొంతూరు నందవరం వైపు పల్లె. అమ్మానాన్నలు పత్తి ఏరే కూలీలు. చదువంతా ఆదోనిలో ఒక హాస్టల్లో ఉండి చదివింది. ఆ హాస్టలు చూసుకునే ముసలావిడ పోతూపోతూ అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఈమె చేతిలో పెట్టిందట. తోటి పిల్లలు కథల పుస్తకాలు చదివినట్టు ఈమె దాన్ని చదివింది. అందులోనూ, ఇప్పుడెవరూ వాడని పాత మాటలన్నా, ఆ దేశపు పల్లెల్లో మాత్రమే మిగిలిన మాటలన్నా ప్రాణం. "టౌను మాటలు అందురికీ తెలుసు గదక్కా. సచ్చిపోయిన మాటలు, పల్లెటూరి మాటలు, ఇవే నాకు బాగుంటాయి" అనేది. ఇంగ్లీషువాళ్ళకు కూడా మనలాగే యాసలుంటాయని నాకు మొదట చెప్పింది ఆమే. స్టాఫ్ రూములో అచ్చంగా నందవరం తెలుగు మాట్లాడేది. గంట కొట్టి క్లాసులో అడుగు పెడితే, ఇస్త్రీ చేసినట్టుండే ఇంగ్లీషు. అక్కడ మళ్ళీ పిల్లలకు అర్థం కాదని అనుమానం వస్తే వెంటనే నందవరానికి దిగిపోయేది.

బెత్తం పట్టని టీచరు మా స్కూల్లో ఆమె ఒక్కతే. దానికి బదులు ఆమెకో ఆట ఉండేది. బోర్డు మీద ఒకేలా పలికే రెండు మాటలు రాసి, "వీళ్ళిద్దరూ సుట్టాలా, కాదా?" అని అడిగేది. పిల్లలు చేతులెత్తి వాదించుకునేవాళ్ళు. చివర్లో ఆమె ఆ రెంటి పుట్టుక చెప్పేది. పిల్లలు ఆ పీరియడుకు సుట్టాల పీరియడ్ అని పేరు పెట్టుకున్నారు.

ఒకసారి నా క్లాసు కోసం వాకిట్లో నిలబడి విన్నాను. ఆ రోజు మాట బేన్. వెయ్యేళ్ళనాటి ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం చంపేవాడు అని చెప్పింది. విషానికీ, నాశనానికీ ఆ మాట వాడటం తర్వాత వచ్చిందట. ఆ దేశంలో ఉత్తరాన పల్లెల్లో ఎముకను కూడా బేన్ అనే అంటారట. రెండూ చుట్టాలు కావు, ఊరికే ఒకేలా వినిపిస్తాయి. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, చంపేవాడి లోపల కూడా ఎముకలే ఉంటాయి కదా మిస్సూ అన్నాడు. ఆమె నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వు అలాగే ఉండేది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు.

ఆ మధ్యాహ్నం నేనూ ఊరుకోలేక మా ఊరి మాటలు రెండు చెప్పాను. మాది ఆస్పరి మండలం కైరుప్పల. మా వాళ్ళ నోట్లో 'వ' నిలవదు. వేట ఏట అవుతుంది, వేటు ఏటు అవుతుంది. ఏట ఏసినారంటే దేవుడి దగ్గర పొట్టేలును కోశారని. ఏటు ఏసినారంటే మనిషి మీద కత్తి పడిందని. నా చిన్నతనంలో ఒకామె చేల వైపు నుంచి అరుచుకుంటూ ఊళ్ళోకి పరిగెత్తి వచ్చింది. ఏటు అన్న మాట ఏట అని వినబడి, మాంసం పాళ్ళు పంచుతారనుకుని కొందరు గిన్నెలు తీసుకుని పోయారు. అక్కడ రక్తంలో పడి ఉన్నది మా వీధి మనిషే. మెడ సగం తెగి ఉంది.

ఇదంతా నేను వింత కథలా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"గిన్నెలు ఏం జేసినారక్కా?" అని అడిగింది.

ఆ గిన్నెలతోనే నీళ్ళు తెచ్చి ఆయన ముఖం కడిగారని చెప్పాను. ఆమె తల ఊపి, సరైన జవాబు విన్నట్టు మళ్ళీ పేపర్లు దిద్దుకోవడంలో పడింది.

ఆ వేసవిలోనే ఒకరోజు, బోర్డు వైపు తిరిగి రాస్తున్న ఆమె లేత పసుపు జాకెట్టు మీద ఎర్రటి చార కనిపించింది. క్లాసు అయ్యేదాకా ఆగి, చెయ్యి పట్టుకుని బాత్రూములోకి తీసుకుపోయి తలుపేశాను. జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది. నీళ్ళతో తడిపి మెల్లగా ఊడదీశాను. మెడ కింద నుంచి నడుం దాకా పాత దెబ్బల మీద కొత్తవి. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఉబ్బి ఉన్నాయి, రెండు చోట్ల చర్మం విచ్చుకుని ఉంది. ఆమె భర్తది ఎమ్మిగనూరు. ఆదోనిలో పత్తి మిల్లులో పని. యంత్రానికి అరిగిపోయిన బెల్టు ముక్కొకటి కోసి తెచ్చి తలుపు వెనక మేకుకు తగిలించుకున్నాడు. ఫోను ఎత్తలేదని కొట్టేవాడు, ఎవరిదో ఫోను ఎత్తిందని కొట్టేవాడు. నిఘంటువు చదువుతూ అన్నం మాడ్చిందని కొట్టాడు. ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది కూడా అతనే. అప్పటికే అది ఆమెకు చాలావరకు నోటికొచ్చేసింది.

నేను తడిగుడ్డతో తుడుస్తుంటే ఆమె గోడ వైపు తిరిగి మాట్లాడింది. ఏడవలేదు.

"ఈ వాతను ఇంగ్లీషులో వీల్ అంటారక్కా. కొరడా దెబ్బకు లేచే గట్టు. పాతకాలంలో వేల్ అనేవాళ్ళు. ఇంగో వీల్ ఉండాది. దానికి బాగు అని అర్థం. మనిషి బాగు, ఊరి బాగు. పలికేదీ ఒగే మాదిరి, రాసేదీ ఒగే మాదిరి."

నేను గుడ్డ పిండుతూ, ఇప్పుడు పాఠం ఎందుకని కసురుకున్నాను. నీ బాగు కోసమే కొడుతున్నాడని అత్త చెప్పేదట. పుట్టింటికి పోయి వీపు చూపిస్తే కన్నతల్లీ అదే మాట చెప్పి బస్సెక్కించిందట. తనూ చాలా కాలం నమ్మింది.

"ఈ రెండు మాటల పుట్టుక చూసినాక నాకు నమ్మకం పోయినాదక్కా. బాగు ఒగ ఇంట్లో పుట్టింది, దెబ్బ ఇంగో ఇంట్లో పుట్టింది. సుట్టాలు కావు. యానాటికీ కావు."

కేసు పెడదాం రమ్మన్నాను. జాకెట్టు మీద కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తర్వాతి క్లాసుకు వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఉగాదికి ఆమెను మా ఊరికి తీసుకుపోయాను. ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకల పోరు. ఏటా ఆచారంగా ఊరు రెండుగా చీలి, గుట్టలుగా పోసుకున్న పిడకలతో కొట్టుకుంటారు. ఆమె మా పుట్టింటి మిద్దె మీద నిలబడి పిట్టగోడ పట్టుకుని చూసింది. గాలంతా పేడ దుమ్ము. పిడకలు రాళ్ళలా వచ్చి తలలకు తగిలి పగులుతున్నాయి. నుదుళ్ళు చిట్లి, కళ్ళలోకి రక్తం కారుతున్నా మగవాళ్ళు నవ్వుతూ వంగి పిడకలు ఏరుకుంటున్నారు. దారి తప్పిన పిడక ఒకటి వచ్చి ఆమె భుజానికి తగిలింది. నేను కంగారు పడి లోపలికి లాగబోయాను. ఆమె నా చెయ్యి విడిపించుకుని, ఆ పిడకను తీసి, మోచెయ్యి వెనక్కి లాగి కిందికి విసిరింది. అది ఒకతని చెవి పక్కగా పోయి స్తంభానికి తగిలి పొడిపొడి అయింది. అతను పైకి చూసి దండం పెట్టాడు. ఆమె చేతిలో అంత బలం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెకూ తెలియదనుకుంటాను. తన చెయ్యి తనే చూసుకుంది.

సాయంత్రం గాయాలకు గుడి విభూతి పూసుకుంటూ రెండు వైపులవాళ్ళూ ఒకే అరుగు మీద కూర్చున్నారు. ఆమె వాళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"ఈడ దెబ్బ తిన్నోళ్ళంతా తినాలని వచ్చినోళ్ళే గదక్కా" అంది.

ఆదోని బస్సులో, ఇక ఆ ఇంటికి పోనని చెప్పింది. పోలేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది.

అతను మొదట ఫోన్లలో బూతులు తిట్టాడు. తర్వాత స్కూలు గేటు దగ్గర గొడవ చేశాడు. చివరికి వాళ్ళ కులపెద్దలు ఇద్దరు, ఎమ్మిగనూరుకు వస్తే కూర్చుని మాట్లాడదామని కబురు పంపారు. నేను తోడు పోయాను. అత్తగారిది నేత ఇల్లు. ముందు గదిలోనే గుంట మగ్గం. పెద్దలు చాప మీద కూర్చున్నారు. అతను గడప దగ్గర. అత్త మగ్గం గుంటలోనే కూర్చుని, ఈ పంచాయితీ తనది కానట్టు నేస్తూనే ఉంది. అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పోవడం, పలకతో ఆ పేకను కొట్టి బిగించడం. పెద్దల ప్రతి మాట వెనకా ఆ చప్పుడు. పేకను కొట్టే ఆ పలక బరువైన కట్టె. విప్పేసిన మగ్గం నుంచి తీసిన అలాంటిదే పాతదొకటి గోడకు ఆనించి ఉంది.

పెద్దాయన మెత్తగానే మొదలుపెట్టాడు. "మొగుడు గదమ్మా. కొట్టినా పెట్టినా ఆయప్పే. నీ బాగు కోరేటోడే."

ఆమె కాదంది. అరవలేదు, వాదించలేదు. ఈ ఇంటికీ రాను, ఆదోనిలో ఆ ఇంటికీ రాను, ఆ మాట మీకు ఎదురుగా చెప్పి పోదామనే వచ్చాను అంది.

అతను లేచాడు. రెండంగల్లో వచ్చి జడ పట్టుకుని కింద పడేసి కడుపులో తన్నాడు. పెద్దలు "సాలప్పా, సాలు" అన్నారు గానీ చాప మీద నుంచి కదల్లేదు. నేను అడ్డం పోతే నన్ను గోడకేసి తోశాడు. నా కళ్ళద్దాలు ఎగిరి పడి పగిలాయి. మసక చూపులో, అతను ఆమెను జుట్టు పట్టి గడప వైపు ఈడుస్తుండటం కనబడింది. ఆమె తల మగ్గం గుంజకు కొట్టుకుంది. ఆమె చెయ్యి గోడ వెంట తడుముకుంటూ పోయి ఆ పాత పలకను అందుకుంది.

మొదటి దెబ్బ అతని ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. జుట్టు వదిలేశాడు. రెండో దెబ్బ భుజం మీద. అతను వెనక్కి తూలి మగ్గం మీద పడ్డాడు. సాగదీసిన పడుగు దారాలు పటపటా తెగిపోయాయి. ఆమె లేచి నిలబడింది. నుదుటి నుంచి రక్తం కన్ను మీదికి కారుతోంది. మూడోసారి పలకను రెండు చేతులా తల మీదికి ఎత్తింది. అతను మంచి చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ముడుచుకున్నాడు. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"సంపద్దమ్మా" అంది గుంటలోంచి అత్త. ఆ ఒక్క మాటే.

ఆ కట్టె అలా గాల్లోనే ఉండిపోయింది. కిందికి దిగుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె పలకను మళ్ళీ గోడకు ఆనించి పెడుతోంది.

"నీ కోసరం కాదత్తా, నా కోసరం ఇడిసినాను" అంది. నా కళ్ళద్దాల ముక్కలు ఏరి నా చేతికిచ్చి, బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు.

ఆదోని బస్సులో ఆమె తలకు నా కొంగు చింపి కట్టాను. దారి సగమైనాక మాట్లాడింది. ఆ పలకను ఇంగ్లీషులో స్లే అంటారట. చంపడాన్నీ స్లే అనే అంటారు. రాసేటప్పుడు ఒక్క అక్షరం తేడా. ఇవి మాత్రం నిజంగా చుట్టాలేనంది. రెంటికీ తల్లి ఒకటే మాట, కొట్టడం.

"అది నాకు ముందే తెలుసక్కా. సేతికి మాత్రం ఈ పొద్దు తెలిసింది" అని, అప్పుడు ఏడ్చింది. దెబ్బలకు ఏడవని మనిషి, కొట్టినందుకు ఏడ్చింది. బస్సులో జనం తిరిగి చూశారు. నేను ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్నాను.

అతను కేసు పెట్టాడు. మేమూ పెట్టాం. కొన్నాళ్ళు కోర్టు చుట్టూ తిరిగి తిరిగి రెండు కేసులూ నీరసించిపోయాయి. విడాకులు మాత్రం ఇవ్వనన్నాడు. విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి వేలాడేసుకుని స్కూలు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడేవాడు. ఒకరోజు క్లాసు కిటికీలోంచి రాయి వచ్చి ఒక పాప కనుబొమ చిట్లింది. ఆమె పాపను నాకు అప్పగించి, గేటు తీసుకుని, రోడ్డు దాటి అతని ఎదురుగా పోయి నిలబడింది. ఏమందో మాకు వినబడలేదు. బంకు దగ్గరున్న హమాలీలు ఒక్కొక్కరే లేచి ఆమె పక్కకు వచ్చారు. అతను పోయాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆదోనిలో కనబడలేదు.

అప్పట్నుంచి ఆమె పదో తరగతి ఆడపిల్లలకు ఏటేటా చివరి క్లాసులో ప్లైట్ అనే మాట చెప్పేది. పెళ్ళిలో మాట ఇవ్వడాన్ని పాత ఇంగ్లీషులో ప్లైట్ అన్నారు. దాని మూలానికి అర్థం ప్రమాదం. దురవస్థను కూడా ప్లైట్ అంటారు, అది మాత్రం మడత అనే మాటలోంచి వచ్చింది. రెండూ వేరే ఇళ్ళలో పుట్టి ఒకచోట చేరాయి, జాగ్రత్త అని చెప్పి క్లాసు ముగించేది. ఒక పిల్ల తండ్రి వచ్చి, మా అమ్మాయికి పెళ్ళంటే భయం పెడుతున్నారని హెడ్మాస్టరు దగ్గర అరిచాడు. ఆమె ఆయనకు స్కూలు లైబ్రరీ నిఘంటువులో ఆ పేజీ జిరాక్సు తీసి ఇచ్చింది.

ఆ తర్వాత ఒక వానాకాలం మధ్యాహ్నం అత్త వచ్చింది. స్కూలు గేటు బయట మూట పట్టుకుని, తడుస్తూ, లోపలికి రాకుండా నిలబడింది. పెదవి చిట్లి ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కొట్టడానికి పెళ్ళాం లేకపోయాక కొడుకు తల్లిని కొడుతున్నాడని ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను కిటికీలోంచి చూసి, ఇప్పుడీ ముసలమ్మకు తగిన శాస్తి జరుగుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, జరగాలనే కోరుకున్నాను. ఆమె గొడుగు లేకుండానే వెళ్ళి, అత్త గడ్డం పట్టి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"తింటివా అత్తా?" అని అడిగింది. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. మూట తను తీసుకుని, స్టాఫ్ రూములోకి తెచ్చి, తన డబ్బాలో అన్నం పెట్టింది.

ఆమె వేరే ఇల్లు అద్దెకు తీసుకుంది, ఇద్దరూ ఆ ఇంట్లోనే చాలా ఏళ్ళు బతికారు. ముసలమ్మ తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఒకసారి నేనే ముసలమ్మను అడిగాను, మీ మధ్య పాత మాటలు రావా అని.

"ఒగసారి నాకు నీళ్ళు పోస్తా, నా ఈపు రుద్దతా అడిగినాది. 'ఇది నీ బాగు కోసరమే కొట్టినాడా అత్తా' అని. నేనేం సెప్పల్ల. ఆయమ్మా మల్లా అడగల్ల."

మొన్న వాట్సాప్ చూసి నేను మా ఊరి నుంచి పోయేసరికి ఆమెను వరండాలో చాప మీద పడుకోబెట్టారు. కొద్ది రోజుల జ్వరమట, గట్టి మనిషే, ఉన్నట్టుండి పోయింది. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు, మొగుడుండగా పోయింది, పుణ్యస్త్రీ అనుకుంటున్నారు. గాజులు తెమ్మని ఎవరినో పురమాయిస్తున్నారు. ముసలమ్మ ఆమె తల దగ్గర కూర్చుని ఉంది.

అప్పుడు అతను వచ్చాడు. జుట్టు నెరిసింది, వంకర చెయ్యి అలాగే ఉంది. మంచి చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఎర్ర చీర, కుంకుమ పొట్లం. పక్కన ఆనాటి పెద్దాయన. అతను ఏడుస్తున్నాడు. మొగుడు బొట్టు పెట్టాకే పాడె లేవాలని పెద్దాయన అన్నాడు. జనం దారి ఇచ్చారు. నేను కదలబోయాను గానీ, నాకంటే ముందు ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచి, వచ్చి వరండా మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"అమ్మా" అన్నాడతను.

ముసలమ్మ అతని ముఖంలోకి పూర్తిగా చూసింది.

"ఎవురప్పా నువ్వు?" అంది.

చూపు ఆనలేదేమోనని పెద్దాయన గొంతు పెంచి, నీ కొడుకమ్మా అని చెప్పాడు. అతను ఇంకో మెట్టు ఎక్కబోయాడు. ముసలమ్మ కదల్లేదు.

"నాకుండేది ఒగతే బిడ్డ. ఆయమ్మ ఈడ పండుకోనుండాది. నువ్వు దావ తప్పి వచ్చినట్లుండావు. పో నాయనా."

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కవరు చేతిలోనే పట్టుకుని, జనం మధ్య నుంచి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. పెద్దాయన అతని వెనకే పోయాడు.

గాజులు తెచ్చిన ఆమెను ముసలమ్మ వద్దని పంపేసింది. తనే కొంగు తడిపి కోడలి ముఖం తుడిచి, చెవుల వెనక తుడిచి, జుట్టు సరిచేసింది. పాడె ఎత్తమని పాత విద్యార్థులకు చెప్పింది. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఎవరో నసిగారు. ముసలమ్మ వినిపించుకోకుండా నిప్పు కుండ అందుకుని ముందు నడిచింది.